గడ్డకట్టిన సరస్సు మీద గాలం వేసే ముందు

డిసెంబరు నడిమికి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మిల్ లాక్స్, అప్పర్ రెడ్ లేక్, లేక్ ఆఫ్ ద వుడ్స్ లాంటి సరస్సుల మీద జనం ఐస్‌కు రంధ్రం వేసి, వాలై, పెర్చ్ చేపల కోసం గాలం దించి కూర్చుంటారు. ఈ వేటకు కొత్తగా దిగేవాళ్లు ఎర కట్టడం కంటే ముందు ఐస్ మందం కొలవడం నేర్చుకోవాలి. "నిన్న ఇక్కడే నడిచారు", "వారం నుంచి గట్టి చలి" లాంటి మాటలను నమ్మి అడుగు వేయకండి. ఒకచోట 8 అంగుళాలున్న ఐస్ కొన్ని అడుగుల అవతల 2 అంగుళాలే ఉండొచ్చు.

నీరు కదిలే ప్రతిచోటా ఐస్ పలచగా ఉంటుంది. అడుగున ఊట ఉన్నచోటు, వాగు వచ్చి కలిసేచోటు, సరస్సు నీరు బయటికి పోయే దారి, వంతెన కింద, రెండు దీవుల మధ్య ఇరుకు, వీటన్నిటికీ దూరంగా నడవాలి. ఐస్‌లోంచి పైకి పొడుచుకొచ్చిన తుంగ, రాళ్లు, పడవలు కట్టే చెక్క డాకుల స్తంభాలు ఎండకు వేడెక్కి చుట్టూ ఉన్న ఐస్‌ను తినేస్తాయి. మంచు బాగా పడితే ఐస్ గట్టిపడుతుందనుకోవడం కూడా పొరపాటే. పైన పేరుకున్న మంచు చలిని కిందికి దిగనివ్వదు, కాబట్టి ఐస్ పెరగడం నెమ్మదిస్తుంది.

మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పే లెక్క ఇది: మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు (మంచు మీద నడిచే బండి) 5 నుంచి 6, చిన్న కారుకు 9 నుంచి 10, మధ్యస్థ ట్రక్కుకు 13. ఇవి కొత్తగా కట్టిన, గాజులా స్వచ్ఛమైన ఐస్‌కే వర్తిస్తాయి. మంచు, నీరు కలిసి గడ్డకట్టిన తెల్ల ఐస్‌లో గాలి బుడగలుంటాయి, బలం తక్కువ. దాని మీద వెళ్లాలంటే ఈ అంకెలు రెట్టింపు చేసుకోవాలి. బూడిద రంగులో కనిపిస్తే లోపల నీరు చేరిందని అర్థం, అటు వెళ్లొద్దు.

కొలిచే పద్ధతి సులువే. స్పడ్ బార్ అంటే మన గడ్డపార లాంటి ఉలి మొన ఇనుప కడ్డీ. ఒడ్డు నుంచి బయలుదేరినప్పటి నుంచీ ముందున్న ఐస్‌ను దాంతో గట్టిగా పొడుస్తూ నడవాలి. ఒకటి రెండు పోట్లకే నీరు పైకొస్తే, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రండి. పోటుకు తట్టుకున్నా ప్రతి 150 అడుగులకు ఆగర్‌తో (ఐస్‌ను తొలిచే పెద్ద బరమా) రంధ్రం వేసి, కొలబద్ద కొక్కేన్ని ఐస్ అడుగు అంచుకు తగిలించి చదవండి. మొదటి రంధ్రంలోనే 4 అంగుళాలు లేకపోతే ఆ రోజు వేట లేదు.

గాలిని కూడా చూసుకోవాలి. పెద్ద సరస్సుల్లో గాలి తోస్తే ఐస్ పలకే ఒడ్డు నుంచి విడిపోతుంది. 2022 నవంబరు చివర్లో అప్పర్ రెడ్ లేక్‌లో సుమారు 200 మంది అలా విడిపోయిన పలక మీద చిక్కుకున్నారు, రక్షణ బృందాలు ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్‌లో ఐస్ విరిగి మన తెలుగువారు ముగ్గురు చనిపోయారు. వాళ్లు వేటకు వెళ్లినవారు కాదు. చలికాలం మొదట్లోని ఐస్ అంత నమ్మరానిది, అందాన్ని చూడాలన్నా ఒడ్డు మీద నుంచే చూడాలి.

ఒంటి మీద ఉండాల్సినవి: తేలే సూట్ లేదా లైఫ్ జాకెట్, బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు, మెడలో వేలాడే ఐస్ పిక్స్ (ఐస్‌లో గుచ్చి పట్టుకునే, పిడి ఉన్న ఇనుప మొనలు) జత, ఈల. పిక్స్ సంచిలో ఉంటే పనికిరావు, నీళ్లలో సంచి విప్పే వ్యవధి ఉండదు. కారులో ఐస్ మీదికి వెళ్తే మాత్రం లైఫ్ జాకెట్ తీసేయండి. కారు మునిగితే అది మిమ్మల్ని పైకప్పుకు నొక్కేస్తుంది. అద్దాలు దించి, సీటు బెల్టు విప్పి నెమ్మదిగా నడపాలి.

పడిపోతే మొదటి నిమిషం శ్వాస మన అదుపులో ఉండదు. తల పైన ఉంచి, ఊపిరి కుదుటపడేదాకా ఏమీ చేయొద్దు. ఆ తర్వాత చేతులు పనిచేసేది పది నిమిషాలే. వచ్చిన వైపుకే తిరగండి, అంతవరకు మిమ్మల్ని మోసింది ఆ ఐసే. పిక్స్ గుచ్చి, కాళ్లు బలంగా తన్నుతూ ఒళ్లు అడ్డంగా తేలేలా చేసి పైకి లాక్కోండి. పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం జరగండి. ఎక్కలేకపోతే చేతులు ఐస్ మీద చాచి కదలకుండా ఉంచండి. తడి చొక్కా చేతులు ఐస్‌కు అతుక్కుంటే, స్పృహ తప్పినా నీళ్లలోకి జారరు. పక్కనున్నవాళ్లు అంచు దగ్గరికి పరుగెత్తొద్దు. అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, దూరం నుంచే తాడు విసరాలి.

ఐస్ మీద వేసుకున్న గుడారంలో ప్రొపేన్ గ్యాస్ హీటర్ వెలిగిస్తే గాలి దారులు కింద ఒకటి, పైన ఒకటి తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మత్తు మొదలైతే వెంటనే బయటికి రావాలి. బ్యాటరీతో నడిచే అలారం లేకుండా, హీటర్ వెలుగుతుండగా నిద్రపోకండి.

మార్చిలో ఐస్ 15 అంగుళాలున్నా నమ్మొద్దు. ఎండకు నిలువు పుల్లలుగా విడిపోయిన ఐస్‌కు మందం ఉంటుంది గానీ పట్టు ఉండదు. స్పడ్ బార్ గుచ్చితే ఆ పుల్లలు విడివిడిగా రాలిపడతాయి. అలా కనిపించిన రోజు నుంచి ఆ సరస్సు మీద వేట ఆపేయాలి.