నవ్వించే సీన్ రాద్దాం – 4వ పాఠం: కంగారు పడని మనిషి

పోయిన పాఠంలో ఒక వింత ప్రాణి ఇంట్లోకి వచ్చే సీన్ రాయమన్నాను కదా. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ ఎక్కువగా చేసే పొరపాటు, సీన్‌లో ఉన్న ప్రతి ఒక్కరితోనూ కెవ్వుమనిపించడం. అందరూ అరిస్తే ఇక చూసేవాళ్లకి నవ్వే సందు ఎక్కడుంటుంది?

దీన్ని సరిచేసుకోవడానికి 1997లో వచ్చిన 'మెన్ ఇన్ బ్లాక్' పెట్టుకుని కూర్చోండి. బ్యారీ సోనెన్‌ఫెల్డ్ తీసిన సినిమా. న్యూయార్క్‌లో మనుషుల వేషంలో బతికే గ్రహాంతరవాసుల మీద నల్లసూటు ఏజెంట్లు నిఘా పెడుతుంటారు. ఎన్నో ఏళ్ల అనుభవమున్న 'కే'గా టామీ లీ జోన్స్, కొత్తగా చేరిన 'జే'గా విల్ స్మిత్.

ప్రసవం సీన్ రెండుసార్లు చూడండి, రెండోసారి సౌండ్ తీసేసి. రోడ్డు పక్కన ఆపిన కార్లో గ్రహాంతర దంపతులు, ఆవిడకి నొప్పులు. ఆవిణ్ణి జేకి అప్పగించి, కే భర్తని పక్కకి తీసుకెళ్లి నింపాదిగా మాట్లాడుతుంటాడు. వెనకాల ఒక పొడవాటి టెంటకిల్ (ఆక్టోపస్ చేయిలాంటిది) జేని చుట్టేసి, గాల్లోకి లేపి, కారుకేసి బాదుతుంటుంది! కే గొంతు పెంచడు, పరిగెత్తుకుని వెళ్లడు, ఎందుకంటే అతనికిది రోజూ ఉండే డ్యూటీ. నాకు ఎన్నిసార్లు చూసినా నవ్వొచ్చేది ఆ టెంటకిల్‌ని చూసి కాదు, కే నిదానాన్ని చూసి.

ఇంకొకటి గమనించండి, నాకు ఈ సీన్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే. అంతా అయ్యాక, ఇందులో నీకేమైనా తేడాగా అనిపించిందా అని కే అడుగుతాడు. అతని ధ్యాసంతా ఆ జంట ఎక్కడికి వెళ్తోందన్న దాని మీదే. అంటే మనం నవ్వుతుండగానే కథ ఒక అడుగు ముందుకేసింది. నవ్వు కోసమే పెట్టిన సీన్‌ని ఎడిటింగ్‌లో ఎవరైనా తీసేయొచ్చు, దీన్ని తీసేస్తే కథకే గండి పడుతుంది.

ఇప్పుడు మీ వంతు. రాత్రి ఆఖరి ట్రిప్పు బస్సు, ఒక కండక్టరు, మూడు చేతులున్న ప్రయాణికుడు, పక్క సీట్లో బిక్కచచ్చిపోయిన కాలేజీ కుర్రాడు. కండక్టరుకి కావలసింది ఒక్కటే, డిపో చేరేలోపు టికెట్ల లెక్క తేలాలి. 15 డైలాగులు రాయండి. కండక్టరు ఒక్క జోకు కూడా వేయకూడదు, ఆ మూడో చేతి గురించి అడిగినా అది టికెట్ కోసమే అయ్యుండాలి. రాశాక పైకి చదువుకుని, నవ్వించడానికే పెట్టినట్టున్న ప్రతి మాటా కొట్టేసి ఇంకోసారి చదవండి.

వచ్చే పాఠానికి, రాతపరీక్షలో జే టేబుల్‌ని కిర్రుమంటూ లాక్కునే సీన్ చూసి రండి.