పాత బండిలో ఆయిల్ లైట్ వెలిగిందా? ఇంజిన్ విప్పే ముందు ఇవి చూడండి

ఆయిల్ లైట్ అంటే ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైట్. అది వెలిగితే ముందు ఇంజిన్ ఆపండి. నడుస్తుండగా వెలిగితే క్లచ్ పట్టి, స్విచ్ ఆపేసి, దొర్లినంత దూరం దొర్లి పక్కకి తీయండి. "ఇంకొంచెం దూరమే కదా" అనుకుని నడిపినవాళ్ళే తర్వాత క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ తిప్పే ఇరుసు) కోసం వెతుక్కుంటూ ఉంటారు. లైట్ ఊరికే వెలిగిందా, నిజంగానే వెలిగిందా అన్నది బండి ఆగాక తీరిగ్గా తేల్చుకోవచ్చు.

లైట్ వెలగ్గానే అందరూ పంపు పోయిందంటారు. పంపు పోవడం అంత మామూలు సంగతి కాదు. అది ఎప్పుడూ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది కాబట్టి ఇంజిన్‌లో నెమ్మదిగా అరిగే భాగాల్లో అదొకటి. పైగా పంపు ప్రెషర్‌ని పుట్టించదు, ఆయిల్‌ని ముందుకి తోస్తుంది, అంతే. గొట్టంలోంచి నీళ్ళు మామూలుగా కారుతుంటాయి, చివర వేలు అడ్డం పెడితే దూరంగా చిమ్ముతాయి చూడండి, ఇంజిన్‌లో ఆ వేలు పని చేసేవి బేరింగులు. షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండే సన్నటి సందులోంచి ఆయిల్ కష్టపడి బయటికి రావాలి, ఆ కష్టమే ప్రెషర్. ఆ సందు పెరిగితే కారే ఆయిల్ అదే లెక్కన పెరగదు, దాని ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే 0.03 మి.మీ. ఉండాల్సిన సందు అరిగి 0.06 అయితే రెండు రెట్లు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు ఆయిల్ జారిపోతుంది. కంటికి కనపడని అరుగుదలకి గేజ్ ముల్లు అంత కిందకి పడేది అందుకే.

ఇంకో మాట, మీ ఇంజిన్ ఏ రకమో తెలుసుకోకుండా టెన్షన్ పడకండి. క్రాంక్‌కి బుష్ లాంటి నున్నటి బేరింగులు ఉన్న ఇంజిన్లకి (హోండా సీబీ750 లాంటివి) మంచి ప్రెషర్ ఉండి తీరాలి. బాల్, రోలర్ బేరింగుల మీద తిరిగే క్రాంక్‌కి అంత అక్కర్లేదు, ఆయిల్ ధారగా పారితే చాలు. 1970ల నాటి కవాసకి జెడ్1, సుజుకి జీఎస్750 ఈ రెండో రకం. జీఎస్750కి కంపెనీ మాన్యువల్ చెప్పే లెక్కే 3000 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకి 0.1 నుంచి 0.5 కిలోలు, అంటే సుమారు ఒకటిన్నర నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). సీబీ750 వాడు ఆ అంకె చూస్తే గుండె ఆగుతుంది, జీఎస్ వాడికి అది ఆరోగ్యం. "వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ" అని అందరూ చెప్పే లెక్క కూడా మొదటి రకానికే, అదీ ఉజ్జాయింపుగా. మీ మోడల్ మాన్యువల్ దొరికితే అందులో అంకెనే నమ్మండి.

చాలా చిన్న సింగిల్ సిలిండర్ బండ్లకి అసలు ఆయిల్ లైటే ఉండదు. వాటికి గేజ్ గొడవ వద్దు. హెడ్‌కి ఆయిల్ వెళ్ళే దారిలో ఒక చిన్న బోల్టు ఉంటుంది, దాన్ని కొంచెం వదులు చేసి ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టండి. ఆయిల్ చెమర్చి కారడం మొదలైతే పైదాకా వస్తున్నట్టే. నిమిషం గడిచినా రాకపోతే వెంటనే ఆపేయండి.

ఇక లైట్ ఉన్న బండ్ల సంగతి. మొదటి అనుమానం వైరు మీద, సెన్సార్ మీద. ఈ సెన్సార్ ఒట్టి స్విచ్. ప్రెషర్ లేనప్పుడు లైట్ వైరుని ఇంజిన్ బాడీకి కలిపి ఎర్త్ చేస్తుంది, ప్రెషర్ రాగానే విడిపోతుంది. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, సెన్సార్ మీది వైరు పీకి గాల్లో పట్టుకోండి. లైట్ ఆరిపోవాలి. ఆరలేదంటే ఆ వైరు దారిలో ఎక్కడో తోలు లేచి బాడీకి తగులుతోంది, మీ ఆయిల్‌కి ఏ పాపమూ తెలియదు. ఇంత తేలిక పరీక్ష చేయకుండా నేను ఒకసారి సైడ్ కవర్ విప్పి, పంపు బయటికి తీసి, కొలిచి, మళ్ళీ బిగించి, కొత్త ప్యాకింగ్ వేసి స్టార్ట్ చేస్తే లైట్ అలాగే వెలుగుతోంది. కవర్ అంచుకి రాసుకుని రాసుకుని వైరు తోలు పోయింది. రెండు ఆదివారాలు పోయాయి, అర అంగుళం ఇన్సులేషన్ టేపుతో పని అయిపోయింది.

వైరు బాగుంటే సెన్సారే పాడై ఉండొచ్చు, పాతవి లోపల ఆయిల్ కారి అంటుకుపోతాయి. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి, చాలా సెన్సార్లు 3 నుంచి 7 పీఎస్ఐ మధ్యలోనే లైట్‌ని ఆర్పేస్తాయి. లైట్ ఆరిందంటే ప్రెషర్ అసలు లేకుండా పోలేదని మాత్రమే అర్థం. 40 ఉండాల్సిన చోట 10 ఉన్నా అది హాయిగా ఆరిపోయే ఉంటుంది.

తర్వాత ఆయిల్. లెవెల్ చూడటంలోనే సగం మంది తప్పుతారు. బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పు. డిప్‌స్టిక్‌ని కొన్నిట్లో బిగించి చూడాలి, కొన్నిట్లో ఊరికే ఆనించి చూడాలి, ఇది మోడల్‌ని బట్టి మారుతుంది. ఆయిల్‌కి విడిగా ట్యాంకు ఉన్న డ్రై సంప్ బండ్లలో ఇంకో చిక్కు ఉంది. కొన్ని రోజులు బండి కదలకపోతే ట్యాంకులో ఆయిల్ మెల్లగా పంపులోంచి జారి క్రాంక్ గదిలోకి దిగిపోతుంది, ట్యాంకు ఖాళీగా కనిపిస్తుంది, మనం కంగారుపడి పైన ఇంకో లీటరు పోస్తాం, స్టార్ట్ చేయగానే ఉన్నదంతా పైకొచ్చి బ్రీదర్ గొట్టంలోంచి బయటికి తన్నుతుంది. అలాంటి బండికి కాసేపు ఇంజిన్ తిప్పాకే లెవెల్ చూడాలి.

ఎక్కువ పోసినా ప్రమాదమే. క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగని పంపు సరిగ్గా తోయలేదు.

డిప్‌స్టిక్ మీది ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే, లెవెల్ మీరు పోసినదానికంటే పెరిగి ఉంటే, కార్బురేటర్‌లో ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవట్లేదు, పెట్రోల్ కాక్ కూడా కారుతోంది. రాత్రంతా చుక్క చుక్కగా సిలిండర్‌లోకి, అక్కణ్ణుంచి ఆయిల్‌లోకి దిగుతోంది. పలచబడ్డ ఆయిల్‌కి వేడిలో ప్రెషర్ ఎక్కడిది? ముందు ఆ కారడం ఆపి, తర్వాత ఆయిల్ మార్చండి. వరస తిప్పితే కొత్త ఆయిల్ కూడా పాడే. గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం చెప్పే అంకె) కూడా చూసుకోండి, 20డబ్ల్యూ50 చెప్పిన ఇంజిన్‌లో 10డబ్ల్యూ30 పోస్తే ఐడ్లింగ్‌లో లైట్ మినుకుమినుకుమనడంలో వింత లేదు. క్లచ్ ఆయిల్‌లోనే మునిగి తిరిగే బండ్లయితే డబ్బా మీద జాసో ఎంఏ (అలాంటి క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అన్న గుర్తు) అని ఉండాలి, లేకపోతే ప్రెషర్ బాగుపడి క్లచ్ జారడం మొదలవుతుంది.

ఆయిల్ మార్చాకే సమస్య మొదలైందా? అయితే ఫిల్టర్ మళ్ళీ విప్పండి. గిన్నెలో పెట్టే రకం ఫిల్టర్లలో స్ప్రింగ్, దాని మీద వాషర్, ఓ రింగులు (ఆయిల్ కారకుండా వేసే రబ్బరు చుట్లు) ఒక వరసలో ఉంటాయి. ఆ చిన్న వాషర్ పాత ఫిల్టర్ అడుగున అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం ఎంత మామూలో! నిరుటి ఓ రింగ్ కవర్‌కి అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది వేసేవాళ్ళూ ఉన్నారు. ప్యాకింగ్ తిరగేసి వేస్తే అందులోని ఆయిల్ రంధ్రమే మూసుకుపోతుంది.

అడుగున సంప్‌లో ఉండే జల్లెడ, అంటే స్ట్రెయినర్, తప్పకుండా చూడాలి. పాత బండిలో అది చూపించే చరిత్ర అంతా ఇంతా కాదు: క్లచ్ ప్లేట్ల పీచు, చైన్ టెన్షనర్ రబ్బరు ముక్కలు, అన్నిటికంటే ఎక్కువగా సిలికాన్ పేస్టు. ప్యాకింగ్ బదులు పేస్టు ధారాళంగా పూసి బిగిస్తే బయటికి పిండుకున్నది మనకి కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలికి పిండుకున్నది మాత్రం ఊడి జల్లెడకి పట్టుకుంటుంది. ఇది చాలా బండ్లలో ఇంజిన్ దించకుండా చూడగలిగే పని.

ఇంతవరకూ ఏమీ దొరకలేదంటే గేజ్ పెట్టాల్సిందే. ఇక్కణ్ణుంచి ఊహలతో విప్పుకుంటూ పోవద్దు. సెన్సార్ తీసి ఆ రంధ్రంలో 0 నుంచి 100 పీఎస్ఐ గేజ్ బిగించండి, రోలర్ క్రాంక్ బండికైతే 0 నుంచి 15 లాంటి చిన్న గేజ్ కావాలి, పెద్ద గేజ్ మీద 5 పీఎస్ఐ అంటే ముల్లు కదిలిందో లేదో తెలియదు. మరల విషయంలో జాగ్రత్త. చాలా జపాన్ బండ్లకి ఇక్కడ 1/8 బీఎస్‌పీటీ మర, అంగుళానికి 28 చుట్లు. చూడటానికి అచ్చం అలాగే ఉండే 1/8 ఎన్‌పీటీకి 27 చుట్లు. రెండు మూడు చుట్లు ఎక్కేసి తర్వాత బిగుసుకుంటుంది, అక్కడ పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం కేసు చీలిపోతుంది. చేత్తో సులువుగా ఎక్కకపోతే అది తప్పు మర అనే అనుకోండి. గొట్టాన్ని సైలెన్సర్ పైపుకి తగలకుండా కట్టండి, తలుపులు తెరిచిన చోట చేయండి.

చల్లటి ఇంజిన్‌లో వచ్చే అంకెతో సంబరపడొద్దు, చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఎంత అరిగిన ఇంజిన్ అయినా మంచి ప్రెషర్ చూపిస్తుంది. దాన్ని రాసుకోండి, తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కేదాకా తిప్పి మళ్ళీ ఐడ్లింగ్‌లో, 2000, 3000, 4000 దగ్గర రాసుకోండి. అసలు కథంతా ఈ అంకెల నడకలో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడ్లింగ్‌లో పడిపోయి, రేజ్ చేస్తే మళ్ళీ లేస్తుంటే ఆయిల్ పలచబడింది, లేదా బేరింగులు అరిగాయి. కొత్త ఆయిల్ పోశాకా అదే నడక అయితే బేరింగుల మీదే అనుమానం. చల్లగా ఉన్నప్పుడు కూడా అన్ని స్పీడుల్లోనూ తక్కువే ఉంటే రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరిగితే తెరుచుకుని ఆయిల్‌ని వదిలేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుంది, లేదా పంపు చుట్టుపక్కల ఏదో ఓ రింగ్ పోయింది, లేదా నిజంగానే పంపు. కొంతవరకూ పెరిగి, ఉండాల్సినదానికంటే చాలా కిందే ఆగిపోయి, ఎంత రేజ్ చేసినా అక్కడే నిలబడితే రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ నీరసించింది. ముల్లు వణుకుతుంటే పంపు గాలి పీలుస్తోంది. మొదట బాగా లేచి ఎక్కువ ఆర్‌పీఎంలో పడిపోతుంటే జల్లెడలోంచి సరిపడా ఆయిల్ రావట్లేదు.

రిలీఫ్ వాల్వ్ చిన్న పిస్టన్, వెనక స్ప్రింగ్, అంతే. ఒక ఇసుక రేణువంత లోహపు ముక్క చాలు దాన్ని సగంలో ఆపడానికి. తీసి కడగండి, వేలితో నొక్కితే సాఫీగా వెళ్ళి రావాలి. స్ప్రింగ్ పొడవు కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. స్ప్రింగ్ సాగదీయడం, వెనక వాషర్లు వేసి బిగువు పెంచడం చేయకండి. అరిగిన బేరింగులున్న ఇంజిన్‌లో ఐడ్లింగ్ ప్రెషర్ దానివల్ల ఒక్క పాయింట్ కూడా పెరగదు, ఎందుకంటే అక్కడ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది. పెరిగేది చల్లటి ఆయిల్ ప్రెషర్ మాత్రమే, అది సీళ్ళని తన్నేస్తుంది.

పంపు విప్పితే ముందు గోడల మీద గీతలు చూడండి, గోరు తగిలితే గీత లోతుగా ఉన్నట్టే. లోపలి రోటర్ కొనకీ బయటి రోటర్‌కీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టండి, కొత్తదానిలో చాలావరకు 0.15 మి.మీ. లోపే ఉంటుంది. పంపు ముఖం మీద స్టీలు స్కేలు ఆనించి రోటర్‌కీ దానికీ మధ్య సందు కూడా కొలవండి, ఈ పక్క సందే ఎక్కువ దెబ్బ తీస్తుంది. పంపు కేసుకి ఆనే చోట ఓ రింగులు గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయి ఉంటే మిగతావేవీ కొలవకముందే అవి మార్చండి.

బేరింగుల దాకా రావాల్సి వస్తే ముందు ఆయిల్ ఫిల్టర్‌ని కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఉక్కు. అంటుకోకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం. బూడిదరంగు పలుచని పొరల్లాంటివి, లేదా రాగి రంగు పొడి ఉంటే బేరింగ్ పైపొర అరిగి కింది పొర తేలింది. దానికి తోడు బరువు మీద లాగేటప్పుడు కింద నుంచి డొక్కు డొక్కుమని చప్పుడు ఉంటే ఇక బండి నడపకండి, కనెక్టింగ్ రాడ్ కేసు చీల్చుకుని బయటికి రావచ్చు. విప్పినప్పుడు బేరింగ్ మీద ప్లాస్టిగేజ్ తీగ (నొక్కితే అణిగే మెత్తటి ప్లాస్టిక్ తీగ) పెట్టి, టార్క్ ప్రకారం బిగించి, క్రాంక్ తిప్పకుండా మళ్ళీ విప్పి ఆ తీగ ఎంత వెడల్పు అణిగిందో చూస్తే సందు తెలుస్తుంది. చాలా ఇంజిన్లకి 0.08 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే అరుగుదల హద్దుకి చేరినట్టే. చిక్కటి ఆయిల్ పోసి కొన్నాళ్ళు లాగించవచ్చు కదా అంటారు, అమ్మేవాళ్ళు సాధారణంగా చేసేది అదే. గేజ్ లేకుండా పాత బండి కొంటే ఆ చిక్కటి ఆయిల్ మీ వంతుకి వస్తుంది.

అన్నీ బిగించాక వెంటనే స్టార్ట్ చేయకండి. విప్పిన పంపులో, ఫిల్టర్‌లో గాలి నిండి ఉంటుంది. బిగించేటప్పుడే పంపులో కాస్త ఆయిల్ పోయండి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, వాటిని క్యాపులకే ఉంచి, ప్లగ్ రంధ్రాలకి దూరంగా ఇంజిన్ బాడీకి ఆనించి, పెట్రోల్ కాక్ మూసి, కిక్కుతోనో స్టార్టర్‌తోనో తిప్పండి. గేజ్ ముల్లు కదిలేదాకా తిప్పుతూనే ఉండండి, అది కదిలాకే ప్లగ్గులు పెట్టండి.