థియరిటికల్ ఫిజిక్స్‌లో స్టైపెండ్‌తో పీహెచ్‌డీ: దరఖాస్తు ఎలా చేయాలి?

థియరీకి ప్రయోగశాల అక్కర్లేదు కాబట్టి సీట్లు సులువుగా దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. ప్రయోగాలు చేసే గ్రూపులకు పెద్ద గ్రాంట్లు వస్తాయి, విద్యార్థుల స్టైపెండ్లు చాలావరకు అందులోంచే ఇస్తారు. థియరీ ప్రొఫెసర్ల దగ్గర ఆ డబ్బు తక్కువ. కొన్నేళ్లు ఒక్క కొత్త విద్యార్థిని కూడా తీసుకోలేని వాళ్లుంటారు. అందుకే డబ్బు ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోవాలి. చేరాలనుకున్న నాటికి ఏడాదిన్నర ముందే ఈ పని మొదలుపెట్టండి.

1. డబ్బు ఎవరిస్తారో చూడండి

అమెరికాలో విద్యార్థిని ఎంచుకునేది డిపార్ట్‌మెంట్ కమిటీ. సీటుతో పాటే ఫీజు మాఫీ, స్టైపెండ్ వస్తాయి. బదులుగా మొదటి ఏళ్లలో టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేయాలి. థియరీ విద్యార్థులు ఈ పని మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం చేయాల్సి రావడం మామూలే. గడువు ఎక్కువగా డిసెంబరులో ఉంటుంది. డిగ్రీ తర్వాత నేరుగా చేరవచ్చు.

జర్మనీ, నెదర్లాండ్స్‌లలో పీహెచ్‌డీ చాలావరకు ఒక ఉద్యోగం. ప్రకటన వస్తుంది, కాంట్రాక్టు ఉంటుంది, సాధారణంగా మాస్టర్స్ తప్పనిసరి. ఆ స్థానం ఏ ప్రొఫెసర్ గ్రాంటు మీద ఉందో ఆయన మాటే అక్కడ చెల్లుతుంది. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ స్థానాలకు ఇంకో నియమముంది: చేరే ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో ఉండి ఉండకూడదు.

బ్రిటన్‌లో డిపార్ట్‌మెంట్లకు రీసెర్చ్ కౌన్సిళ్ల (పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే సంస్థల) నుంచి స్టైపెండ్‌తో కొన్ని స్థానాలు వస్తాయి. పార్టికల్ థియరీ, కాస్మాలజీలకు ఎస్‌టీఎఫ్‌సీ అనే కౌన్సిల్, కండెన్స్‌డ్ మ్యాటర్‌కు ఈపీఎస్ఆర్‌సీ అనే కౌన్సిల్ ఇస్తాయి. విదేశీయులకు వీటిలో దక్కేది కొద్ది భాగమే. అక్కడ ఎక్కువమంది దెబ్బతినేది ఒకే చోట: అడ్మిషన్ గడువు చూసుకుంటారు, స్కాలర్‌షిప్ గడువు అంతకుముందే ముగిసిపోతుంది. సీటు చేతిలో ఉంటుంది, డబ్బు ఉండదు.

2. గైడ్లను పేపర్ల ద్వారా వెతకండి

యూనివర్సిటీ ర్యాంకులు ఇక్కడ పెద్దగా పనికిరావు. పరిశోధన పేపర్లు ఉచితంగా దొరికే ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో మీ విభాగం కొత్త పేపర్ల జాబితాను రెండు మూడు నెలలు రోజూ చూడండి. సారాంశాలు చదివితే చాలు. ఏ పేర్లు మళ్లీ మళ్లీ మిమ్మల్ని ఆపుతున్నాయో రాసిపెట్టుకోండి. తర్వాత ఇన్‌స్పైర్ (INSPIRE, హై ఎనర్జీ ఫిజిక్స్ పేపర్ల డేటాబేస్)లో ఒక్కొక్కరి గత మూడేళ్ల పేపర్లు తెరిచి, సహరచయితల్లో విద్యార్థులున్నారా, వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారో చూడండి. హై ఎనర్జీ థియరీలో రచయితల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి మొదటి పేరును బట్టి ఎవరు ఎంత చేశారో తేల్చకండి. గైడ్ త్వరలో రిటైరవుతున్నారా అన్నదీ కనుక్కోవాలి.

3. సిఫార్సు లేఖలు

దరఖాస్తులో అన్నిటికంటే బరువైనవి ఇవే. సాధారణంగా మూడు అడుగుతారు. "నా క్లాసులో మొదటి ర్యాంకు" అన్న లేఖతో కమిటీకి కొత్తగా తెలిసేది ఏమీ లేదు, మార్కుల జాబితా ముందే వాళ్ల దగ్గర ఉంటుంది. విద్యార్థి ఒక లెక్కలో ఇరుక్కున్నప్పుడు ఏం చేశాడు, తప్పును తానే పట్టుకోగలిగాడా, ఇవి చెప్పగలిగినవాళ్లు కావాలి. అలాంటి లేఖ రావాలంటే అలాంటి పని చేసి ఉండాలి.

సొంత పేపర్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక అధ్యాపకుడి దగ్గర ఆరు నెలలు ఏదైనా రివ్యూ వ్యాసం తీసుకుని, అందులోని ప్రతి ఫలితాన్నీ మీ చేత్తో రాబట్టి, 15-20 పేజీల నోట్సుగా లాటెక్‌లో (సమీకరణాలు టైప్ చేసే సాఫ్ట్‌వేర్) రాయండి. వారం వారం ఆయనకు చూపించండి. లేఖ రాసేది ఆయనే. గడువులన్నీ ఒక పట్టికలో పెట్టి, రెండు నెలల ముందే ఇవ్వండి. లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని ఫారంలో అడిగితే, వదులుకోండి. గోప్యంగా వచ్చిన లేఖనే కమిటీలు నమ్ముతాయి.

4. స్టేట్‌మెంట్

మీ పని, ఆసక్తి గురించి మీరే రాసే వ్యాసం ఇది, ఒకటి, రెండు పేజీలు. చిన్నప్పటి నక్షత్రాలు, విశ్వ రహస్యాలు వద్దు. సొంతంగా కనిపెట్టిన కొత్త సిద్ధాంతాన్ని జతచేయడం ఇంకా ప్రమాదం. "నాకు బ్లాక్ హోల్స్ అంటే ఆసక్తి" అనే బదులు ఇలా రాయవచ్చు:

"స్వార్జ్‌షీల్డ్ బ్లాక్ హోల్ క్వాజీనార్మల్ మోడ్‌లను డబ్ల్యూకేబీ పద్ధతిలో లెక్కించాను. ఓవర్‌టోన్ సంఖ్య కోణీయ సంఖ్యను దాటగానే ఫలితాలు నమ్మదగినవి కావు. వాటిని లీవర్ కంటిన్యూడ్ ఫ్రాక్షన్ పద్ధతితో సరిచూశాను."

ఏం చేశారో, అది ఎక్కడ విఫలమైందో, ఎలా సరిచూశారో మూడు వాక్యాల్లో వచ్చేసింది. చివర ఆ డిపార్ట్‌మెంటులో ఇద్దరు ముగ్గురి పేర్లు, వాళ్ల ఏ పనితో మీ ప్రశ్న కలుస్తుందో రాయండి. ప్రతి చోటుకూ ఈ భాగం కొత్తగా రాయాల్సిందే.

5. ఈమెయిల్

గైడ్‌గా అనుకున్న ప్రొఫెసర్లకు రాసే మెయిల్ 150 పదాలు మించకూడదు: మీరెవరు, వాళ్ల ఏ పేపర్ చదివారు, వచ్చే ఏడాది నిధులతో విద్యార్థిని తీసుకుంటున్నారా. మార్కుల జాబితా జతచేయండి. కమిటీ ఎంచుకునే చోట దీని ప్రభావం తక్కువే, కానీ "ఈసారి తీసుకోవడం లేదు" అన్న జవాబు వచ్చినా ఒక దరఖాస్తు ఫీజు మిగులుతుంది. రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయవచ్చు, అంతకు మించి వద్దు.

6. ఇంటర్వ్యూ

స్ట్రింగ్ థియరీ గురించి అనర్గళంగా మాట్లాడి, హార్మోనిక్ ఆసిలేటర్ పార్టిషన్ ఫంక్షన్ దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. పెర్టర్బేషన్ థియరీ, టూ లెవెల్ సిస్టమ్, నోథర్ సిద్ధాంతం బోర్డు మీద చేయగలగాలి. జవాబు రాకపోతే మౌనంగా ఉండకండి. ఏ హద్దు సందర్భంతో (లిమిటింగ్ కేస్) మొదలుపెడతారో పైకి చెప్పండి. వాళ్లు చూడాలనుకునేది మీరు ఆలోచించే తీరునే.

7. ఆఫర్ వచ్చాక

స్టైపెండ్ ఎన్నేళ్లకు హామీ, వేసవికీ ఉందా, పన్నూ ఫీజులూ పోను చేతికెంత, వారానికి ఎన్ని గంటల బోధన, గైడ్ గ్రాంటు ముగిస్తే ఏమిటి? ఈ జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌పై ఏప్రిల్ 15కు ముందే తేల్చమని ఒత్తిడి చేయకూడదు. అయితే నిర్ణయం తీసుకున్నాక మిగతావాటిని వెంటనే వదిలేయండి, వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి ఆ స్థానం వెళ్తుంది.

ఎక్కడా రాకపోతే, ఇటలీలోని ట్రీయెస్టెలో ఐసీటీపీ (అంతర్జాతీయ థియరిటికల్ ఫిజిక్స్ కేంద్రం) అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థులకు స్కాలర్‌షిప్‌తో ఏడాది డిప్లొమా నడుపుతుంది. అక్కడి కోర్సులు, డిసర్టేషన్, కొత్త సిఫార్సు లేఖలతో మరుసటి ఏడాది దరఖాస్తుకు చాలా బలం వస్తుంది.