పై అంకె దిగిన వైనం

నా బీపీలో కింది అంకె 80 దగ్గరే బుద్ధిగా ఉండేది; పై అంకె మాత్రం 150 దాటి తిష్ఠ వేసింది. వయసుతోపాటు పెద్ద ధమనులు పాత రబ్బరు గొట్టంలా బిరుసెక్కితే ఇలాగే అవుతుందని డాక్టరు చెప్పి మాత్ర రాశారు. మోకాళ్ల నొప్పికి నేను వాడే ఐబుప్రొఫెన్ కూడా బీపీని పెంచగలదని దాన్ని మార్పించారు.

మిగతా పని వంటింట్లోనే జరిగింది. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక్క టీస్పూను! మా ఇంట్లో అది కూరకూ పప్పుకూ చాలదు. ఆపైన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు, చెన్నై ఎండకు ఉప్పేసిన మజ్జిగ. ఆవకాయను ఆదివారానికి పరిమితం చేశాం. మజ్జిగలో ఉప్పు మాని అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసుకున్నాం. కొన్నాళ్లు చప్పగా అనిపించింది. తర్వాత హోటల్ సాంబారే ఉప్పు కషాయంలా తోచింది. తక్కువ సోడియం ఉప్పు కొందామన్నాను కానీ, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

పొద్దున్నే పానగల్ పార్కులో చెమట పట్టేలా నడక. కొలిచే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చేతిని గుండె ఎత్తున ఉంచుతాను. ఇప్పుడు పై అంకె 130కి అటూఇటూగా ఉంది. మాత్ర మోతాదు సంగతి డాక్టరుకే వదిలేశాను.