పాత శుభలేఖలతో క్రిస్మస్ స్టార్

గుంటూరులో మా ఇంట్లో పెళ్లి శుభలేఖలు ఎవరూ పారేయరు, అటకమీద పేరుకుపోతుంటాయి. డిసెంబరులో వాటికి పని దొరుకుతుంది. ఐదు కొబ్బరి చీపురు పుల్లలు జానెడు పొడవున సమానంగా కత్తిరించి, ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా పేర్చి, కొసలు రెండేసి కలిపి దారంతో బిగిస్తే ఐదు మూలల స్టార్ వస్తుంది. ఎండిన పుల్ల పుటుక్కున విరుగుతుంది, ముందు కాసేపు నీళ్లలో నానబెట్టండి. చిరిగిన చీర జరీ అంచు పుల్లలకు చుట్టి, శుభలేఖ ముక్కలు ఫెవికాల్‌తో అతికించండి. పలచని కాగితం వద్దు, మంచుకి మెత్తబడిపోతుంది. వినాయకుడి బొమ్మ ఉన్న అట్ట జోలికి వెళ్లకండి, మా అమ్మ ఊరుకోదు! వెనక వేలాడదీసేది ఎల్‌ఈడీ దండే, పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం కమిలిపోతుంది.