స్టెప్ సీక్వెన్సర్‌ను తాళానికీ శ్రుతికీ అమర్చుకోవడం

స్టెప్ సీక్వెన్సర్ చేసే పని చాలా చిన్నది. క్రమబద్ధంగా పల్స్‌లు (చిన్న విద్యుత్ సంకేతాలు) పంపే క్లాక్ నుంచి ఒక పల్స్ రాగానే ఒక స్టెప్ ముందుకు జరిగి, ఆ స్టెప్ నాబ్ దగ్గర మనం పెట్టిన వోల్టేజీని బయటికి పంపుతుంది. చివరి స్టెప్ అయ్యాక మళ్లీ మొదటికి వస్తుంది. స్వరమూ తాళమూ ఆ వోల్టేజీలకు మనం కల్పించే అర్థాలే. మాడ్యులర్ సింథసైజర్ (విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం) కొత్తగా సమకూర్చుకున్నవారు సాధారణంగా ముందు నాబ్‌లు తిప్పి స్వరాలు వెతుకుతారు. ముందు కాలప్రమాణం, తరువాత రీసెట్ (సీక్వెన్సర్‌ను మొదటి స్టెప్‌కు తిప్పి పంపడం), ఆ తరువాతే స్వరం అన్న క్రమమే మేలని నా గట్టి అభిప్రాయం. డిసెంబరు కచేరీలలో పక్క కుర్చీవారు తొడమీద వేసే తాళం చూస్తూ పెరిగిన చెన్నై తెలుగువారికి ఈ క్రమం సహజంగానే అబ్బుతుంది.

ఎనిమిది స్టెప్‌ల సీక్వెన్సర్ ఒకటి చాలు. 1960ల నాటి మూగ్ 960 అనే సీక్వెన్సర్‌లో కూడా ఉన్నవి ఎనిమిది స్టెప్‌ల నాబ్ వరుసలు మూడే. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న యూరోర్యాక్ అనే మాడ్యూళ్ల పద్ధతిలో దానికి తోడుగా ఒక క్లాక్, ఒక వీసీఓ (వోల్టేజీని బట్టి శ్రుతి మారే శబ్దజనకం), ఒక ఫిల్టర్ (శబ్దపు మెరుపును తగ్గించేది), ఒక వీసీఏ (వోల్టేజీతో బిగ్గరతనాన్ని మార్చేది), ఒక ఎన్వలప్ (శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపే వోల్టేజీనిచ్చేది) ఉంటే పాఠం మొదలుపెట్టవచ్చు. ప్యాచ్ కేబుళ్లు 3.5 మిల్లీమీటర్ల మోనో రకానివి కావాలి. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు హెడ్‌ఫోన్ల స్టీరియో కేబుల్ కాకుండా మోనోయే అడిగి తీసుకోండి. మాడ్యూల్‌ను కేసులో బిగించేటప్పుడు రిబ్బన్ కేబుల్‌లోని ఎర్రగీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలి. అది తిరగబడితే మాడ్యూల్ కాలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, స్విచ్ వేసే ముందు రెండుసార్లు చూడండి. పరికరాలు ఇంకా కొననివారు వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేసుకుని, అందులోని ఎనిమిది స్టెప్‌ల సీక్వెన్సర్‌తో కింద చెప్పినవాటిలో చాలా భాగం చేసి చూడవచ్చు.

కలపడం ఇలా. క్లాక్ అవుట్‌పుట్‌ను సీక్వెన్సర్ క్లాక్ ఇన్‌పుట్‌కు, సీక్వెన్సర్ మొదటి వరుస వోల్టేజీని వీసీఓ పిచ్ ఇన్‌పుట్‌కు, గేట్‌ను (స్టెప్ పలకాలని చెప్పే సంకేతాన్ని) ఎన్వలప్‌కు, ఎన్వలప్‌ను వీసీఏకు ఇవ్వాలి. వీసీఓ శబ్దం ఫిల్టర్ గుండా వీసీఏలోకి వెళ్లి, అక్కడినుంచి అవుట్‌పుట్ మాడ్యూల్‌కు చేరుతుంది. ఈ దశలో అన్ని నాబ్‌లనూ ఒకే చోట ఉంచి, ఒకే స్వరం పలకనివ్వండి. ధ్యాస అంతా లయమీదే ఉండాలి.

నిమిషానికి 60 అక్షరాల (తాళంలోని లెక్కల) వేగంలో, చతురశ్ర నడలో, అక్షరానికి నాలుగు స్టెప్‌లు నడవాలంటే క్లాక్ వేగం 4 హెర్ట్జ్, అంటే ఒక్కో స్టెప్‌కు 250 మిల్లీసెకన్లు. అప్పుడు ఎనిమిది స్టెప్‌ల చుట్టు రెండు అక్షరాలవుతుంది. నాలుగు చుట్లు తిరిగితే ఆదితాళం ఒక ఆవర్తనం పూర్తవుతుంది. క్లాక్ డివైడర్ (ఇన్ని పల్స్‌లకు ఒకటి చొప్పున మాత్రమే పంపే మాడ్యూల్) ఉంటే, నాలుగో భాగం పల్స్‌ను ఏదైనా చిన్న తాళవాద్య శబ్దానికి ఇచ్చి అక్షరాలు వినిపించేలా చేయండి. ముప్పైరెండో భాగాన్ని సీక్వెన్సర్ రీసెట్‌కు ఇస్తే, మధ్యలో స్టెప్‌ల సంఖ్యతో ఎన్ని ఆటలాడినా ప్రతి సమానికి (ఆవర్తనం మొదలయ్యే చోటికి) సీక్వెన్సర్ మొదటి స్టెప్‌కు చేరుకుంటుంది.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. క్లాక్ పల్స్, రీసెట్ పల్స్ ఒకే క్షణంలో వస్తే, కొన్ని సీక్వెన్సర్లు ముందు రీసెట్‌ను తీసుకుని మొదటి స్టెప్‌కు వెళ్లి, వెంటనే క్లాక్‌ను కూడా లెక్కించి రెండో స్టెప్‌కు జారిపోతాయి. అప్పుడు సమం మీద వినపడవలసిన షడ్జమం వినపడదు, ఆవర్తనమంతా ఒక స్టెప్ ముందుకు జరిగినట్లు ఉంటుంది. అటువంటి సీక్వెన్సర్‌కు రీసెట్‌ను నేరుగా ఇవ్వకుండా, ట్రిగర్ డిలే గుండా ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా ఇవ్వండి. క్లాక్ పని ముగిశాక రీసెట్ అందుతుంది కాబట్టి మొదటి స్టెప్ నిలుస్తుంది. కొన్ని సీక్వెన్సర్లలో రీసెట్ తరువాత వచ్చే క్లాక్‌కే మొదటి స్టెప్ పలుకుతుంది. వాటికి ఈ ఆలస్యం పనికిరాదు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి క్లాక్ ఆపి, రీసెట్ నొక్కి, చేత్తో ఒక్క పల్స్ ఇచ్చి ఏ స్టెప్ దీపం వెలుగుతుందో చూస్తే చాలు.

స్టెప్ ఒక్కొక్కదానికి వేరుగా గేట్ అవుట్‌పుట్ ఉన్న సీక్వెన్సర్ అయితే, మిశ్రచాపు ఒక్క కేబుల్ దూరంలో ఉంది. పైన చెప్పిన ముప్పైరెండో భాగం కేబుల్ తీసేసి, ఎనిమిదో స్టెప్ గేట్‌ను రీసెట్‌కు కలపండి. సీక్వెన్సర్ ఎనిమిదోదానిలో అడుగుపెట్టగానే మొదటికి వచ్చేస్తుంది కాబట్టి, ఏడు స్టెప్‌ల చుట్టు మిగులుతుంది. ఆరో స్టెప్ గేట్‌ను కలిపితే ఐదు, అంటే ఖండచాపు. అయితే ఏడు స్టెప్‌లు ఉన్నంతమాత్రాన మిశ్రచాపు నడక రాదు. 'తకిట తకధిమి' అని నోటితో చెప్పుకుంటూ వినండి: ఒకటి, నాలుగు, ఆరు స్టెప్‌ల మీద ఊనిక పడాలి. దానికి రెండో వరుసను ఫిల్టర్ కటాఫ్‌కు (ఫిల్టర్ ఎంతవరకు తెరుచుకోవాలో నిర్ణయించే ఇన్‌పుట్‌కు) ఇచ్చి, ఆ మూడు స్టెప్‌ల నాబ్‌లను పైకి, మిగతావాటిని కిందికి ఉంచండి. ఊనిక పడిన చోట శబ్దం విప్పారి, మిగతాచోట్ల ముడుచుకుని, ఒకే స్వరం మీద కూడా తాళం స్పష్టంగా తెలుస్తుంది. నాకు ఈ పరికరంలో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

ఇప్పుడు రీసెట్ కేబుల్ తీసి, ఎనిమిది స్టెప్‌లకు తిరిగివచ్చి స్వరాలు పెట్టుకోవచ్చు. యూరోర్యాక్‌లో ఒక స్థాయికి (ఆక్టేవ్‌కు) 1 వోల్టు. అందులో పన్నెండో వంతు, అంటే సుమారు 83 మిల్లీవోల్టులు, ఒక స్వరస్థానం. ముందు మొదటి స్టెప్‌ను సున్నా వోల్టుల దగ్గర ఉంచి, వీసీఓ నాబ్‌తోనే మీ శ్రుతికి, అది ఒకటైనా ఐదున్నరైనా, షడ్జమాన్ని కలపండి. ఆ తరువాతి వోల్టేజీలన్నీ షడ్జమం నుంచి లెక్కే. మోహనానికి రిషభం 167 మిల్లీవోల్టులు, గాంధారం 333, పంచమం 583, ధైవతం 750. 'స రి గ ప ద ప గ రి' అని ఎనిమిది స్టెప్‌లు నింపితే చుట్టు ఎక్కడా అతుకు తెలియకుండా తిరుగుతుంది.

క్వాంటైజర్ (వోల్టేజీని దగ్గరి స్వరస్థానానికి సర్దే మాడ్యూల్) ఉంటే ఈ విలువలు దానంతటదే సరిచేస్తుంది. అయినా తంబురా శ్రుతి పెట్టుకుని, క్వాంటైజర్ తీసేసి, గాంధారాన్ని ఒకసారి చెవితో కలిపి చూడమని నా మనవి. క్వాంటైజర్ ఇచ్చే గాంధారం షడ్జమానికి పైన సరిగ్గా 400 సెంట్ల దూరంలో ఉంటుంది (సెంటు అంటే ఒక స్వరస్థానంలో నూరో వంతు). 5:4 నిష్పత్తిలో తంబురాతో కలిసిపోయే అంతరగాంధారం 386 సెంట్లు. తేడా వోల్టేజీలో 11 మిల్లీవోల్టులే. నాబ్‌ను వెంట్రుకవాసి కిందికి తిప్పుతూ పోతే, రెండు శబ్దాల మధ్య ఊగే తరంగం నెమ్మదించి, ఒకచోట ఆగిపోతుంది. ఆ చోటే ఆపాలి.

గేట్ స్విచ్‌లతో కొన్ని స్టెప్‌లను మౌనంగా ఉంచడం మొదలుపెట్టగానే మరో దోషం వినిపించవచ్చు. ఉదాహరణకు ఏడో స్టెప్ గేట్‌ను ఆపారనుకుందాం. ఆరో స్టెప్ పంచమం ఎన్వలప్ రిలీజ్‌లో మెల్లగా తగ్గుతూ ఉండగానే సీక్వెన్సర్ ఏడోదానికి జరిగి గాంధారం వోల్టేజీ పంపుతుంది. దానితో తగ్గుతున్న పంచమం తోక గాంధారంగా మారిపోతుంది. రిలీజ్‌ను స్టెప్ వ్యవధిలోపలికి కుదించడం ఒక దారి. పొడవైన రిలీజే కావాలనుకుంటే, వోల్టేజీని శాంపుల్ అండ్ హోల్డ్ (ట్రిగర్ అందిన క్షణపు వోల్టేజీని పట్టి ఉంచే మాడ్యూల్) గుండా పంపి, దాని ట్రిగర్‌కు గేట్‌ను ఇవ్వండి. గేట్ వచ్చినప్పుడు తప్ప స్వరం మారదు.

స్వరం నుంచి స్వరానికి జారు కావాలంటే స్లూ లిమిటర్‌ను (వోల్టేజీ ఒక్కసారిగా మారకుండా నెమ్మదిగా మారేలా చేసేదాన్ని) క్వాంటైజర్ తరువాత పెట్టాలి. ముందు పెడితే జారు మళ్లీ మెట్లుగా విరిగిపోతుంది. గాంధారం ఒక్కటే కొద్దిగా కదలాలంటే, ఒక ఎల్ఎఫ్ఓను (నెమ్మదిగా ఊగే వోల్టేజీనిచ్చే మాడ్యూల్‌ను) వీసీఏ గుండా పిచ్‌కు కలిపి, ఆ వీసీఏను సీక్వెన్సర్ రెండో వరుసతో నడిపించండి. గాంధారం స్టెప్‌లు రెండింటి నాబ్ మాత్రం పైకి ఉంటే అక్కడే కదలిక వస్తుంది. గాయకుల గమకానికి ఇది సాటిరాదు, కాని యంత్రం ఒకే ధోరణిలో సాగే విసుగును తగ్గిస్తుంది.

అనలాగ్ వీసీఓ శ్రుతి ఉష్ణోగ్రతతో మారుతుంది. చెన్నై ఎండాకాలంలో ఏసీ వేసిన గదిలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. గది చల్లబడి స్థిరపడ్డాక, పరికరం ఓ అరగంట నడిచాక మాత్రమే శ్రుతి చేయండి. రికార్డింగ్ మధ్యలో ఏసీని ఆపకండి. మాడ్యులర్ సంకేతం 10 వోల్టుల పీక్-టు-పీక్ వరకు ఉంటుంది, ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్ ఆశించేది అంతకంటే చాలా తక్కువ. అందుకే అవుట్‌పుట్ మాడ్యూల్ నాబ్‌ను పూర్తిగా తగ్గించి, సీక్వెన్సర్ నడుస్తుండగా, ఊనిక ఎక్కువ పడే స్టెప్‌ను గమనిస్తూ కొద్దికొద్దిగా పెంచండి. రికార్డింగ్ స్థాయిని ఆ స్టెప్‌కు సరిపెడితే మిగతావి ఇబ్బంది పెట్టవు.