రీస్లింగ్ వైన్ రుచి చూడటం ఎలా?

"రీస్లింగా? అది తియ్యటి వైన్ కదా!" అని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. తియ్యగా ఉండే రీస్లింగ్ ఉంది, చక్కెర జాడే తెలియనిదీ ఉంది. రీస్లింగ్ అనేది ఒక తెల్ల ద్రాక్ష పేరు, దాంతో చేసే వైన్‌కూ అదే పేరు. అసలు ఈ ద్రాక్ష గొప్పంతా పులుపులోనే ఉంది. ఆ పులుపునూ తీపినీ నాలుక మీద విడదీసి చూడటం వచ్చిందంటే సగం పని అయినట్టే. (తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండినవాళ్లకే ఈ ముచ్చట.)

ఈ ద్రాక్ష పుట్టిల్లు జర్మనీలోని రైన్ నదీ ప్రాంతం. ర్యూసెల్స్‌హైమ్ ఊళ్లో 1435లో రాసిన ఒక లెక్కల చిట్టాలో దీని పేరు కనిపిస్తుంది. ఇప్పటికీ రీస్లింగ్ తోటలు ఎక్కువగా ఉన్నది జర్మనీలోనే, సుమారు 24 వేల హెక్టార్లు. మోజెల్ నది లోయలోనైతే మనిషి నిలబడటమే కష్టమయ్యే ఏటవాలు పలకరాతి కొండల మీద తీగలు పెంచుతారు. చలి ప్రాంతం కాబట్టి కాయ నిదానంగా పండుతుంది, పండినా పులుపు చావదు. పగలంతా ఎండకు కాగిన ఆ రాయి రాత్రి తీగకు వెచ్చదనం ఇస్తుంది.

1. రెండు సీసాలు తెచ్చుకోండి

ఒక్క సీసాతో ఈ ద్రాక్ష అర్థం కాదు. మోజెల్‌వే రెండు తీసుకోండి. ఒకదాని లేబుల్ మీద "ట్రోకెన్" అని ఉండాలి, అంటే తీపి లేనిది. రెండోదాని మీద ఆ మాట లేకుండా "కాబినెట్" అని ఉండాలి. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అనేవి కోత నాటికి కాయ ఎంత పండిందో చెప్పే మెట్లు. వైన్‌లో తీపి ఎంతో అవి చెప్పవు, అందుకే ష్పేట్‌లేజె ట్రోకెన్ అనీ దొరుకుతుంది.

ఈ జర్మన్ మాటలు గుర్తుండకపోతే ఆల్కహాల్ శాతం చూడండి, నేను ముందు చూసేది అదే. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. పని మధ్యలో ఆపేస్తే ఆల్కహాల్ తక్కువ, చక్కెర మిగులు. 8 శాతం దగ్గర ఉంటే తీపి ఖాయం, 12 దాటితే చాలావరకు తీపి లేనిదే.

కొనే చోటు కూడా గమనించండి. మన దగ్గర వైన్ షాపుల్లో చాలాచోట్ల ఈ సీసాలు ఏసీ లేని గదిలో, అద్దాల వెనక ఎండ తగిలేలా నిలబెట్టి ఉంటాయి. అలాంటివి వద్దు.

2. చల్లబరచండి, కానీ గడ్డకట్టేంత కాదు

8 నుంచి 10 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచాలి. మరీ చల్లగా ఉంటే వాసనే రాదు. పైకి వచ్చేసరికి కాస్త సన్నబడే గ్లాసులో మూడో వంతుకు మించకుండా పోసుకోండి.

రంగు చూడటానికి క్షణం చాలు. కొత్తదైతే లేత ఆకుపచ్చ మెరుపు, పాతబడితే బంగారు ఛాయ. అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే కంగారు పడొద్దు, అవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం లవణాలు, హాని లేదు.

3. వాసన

గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి పీల్చండి. నిమ్మ తొక్క, పచ్చి ఆపిల్, పీచ్ పండు, తెల్ల పూలు తగులుతాయి. కొన్నేళ్లు నిలవ ఉన్న సీసాలోనైతే కిరోసిన్ వాసన! కల్తీ ఏమీ కాదు. ద్రాక్ష తొక్కలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల నుంచి పుట్టే టీడీఎన్ అనే పదార్థం అది. ఎండ బాగా తగిలిన కాయలో ఎక్కువ, వైన్ పాతబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. కొందరు దానికోసమే ఏళ్ల తరబడి సీసాలు దాస్తారు. నాకు లీలగా ఉంటేనే ఇష్టం.

4. నిమ్మకాయ నీళ్లతో మొదలుపెట్టి రుచి చూడండి

వైన్ నోట్లో పోసుకునే ముందు ఇది చేయండి. రెండు గ్లాసుల నీళ్లలో తలా అర చెక్క నిమ్మకాయ పిండండి. ఒకదాంట్లో మాత్రం రెండు చెంచాల చక్కెర కలపండి. రెండూ తాగి చూస్తే చక్కెర వేసినదాని పులుపు తగ్గినట్టే ఉంటుంది. కానీ మింగాక దవడల లోపల, చెవుల కింద నీరూరడం గమనించండి. అది రెండింటికీ ఉంటుంది. పులుపు ఎక్కడికీ పోలేదు, తీపి దాన్ని కప్పిందంతే.

ఇప్పుడు ట్రోకెన్ ఒక గుక్క తీసుకుని, నాలుగైదు సెకన్లు నోరంతా తిప్పి మింగండి. పులుపు సూటిగా తగులుతుంది. తర్వాత కాబినెట్. ముందు తీపి వస్తుంది, వెనకే పులుపు వచ్చి దాన్ని తుడిచేస్తుంది. నోరు జిగటగా మిగిలితే ఆ వైన్‌లో పులుపు చాలలేదన్నమాట. శుభ్రంగా ఉండి మళ్లీ నీరూరితే మంచి సీసా పడినట్టే.

ట్రోకెన్ కూడా తియ్యగానే ఉందనిపిస్తే ముక్కు మూసుకుని ఇంకో గుక్క తాగండి. పండు వాసన ఆగిపోగానే ఆ తీపీ మాయమైతే, అది వాసన చేసిన మాయ. అప్పటికీ మిగిలితేనే చక్కెర.

5. భోజనంతో

కారానికి రీస్లింగ్ అంత కలిసొచ్చే వైన్ అరుదు. ఆల్కహాల్ మంటను పెంచుతుంది, తీపి తగ్గిస్తుంది. కాబినెట్‌లో మొదటిది తక్కువ, రెండోది ఉంది. కారం దట్టించిన రొయ్యల వేపుడుతో తాగి చూడండి. గోంగూర జోలికి మాత్రం వెళ్లకండి, ఆ పులుపు ముందు వైన్ చప్పగా తేలిపోతుంది.

మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాతి సీసా ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీది వెతకండి. తీపి లేకుండా, నిమ్మ పులుపుతో పదునుగా ఉంటుంది. బిరడా బదులు మరమూత ఉందని చవకబారుదనుకోవద్దు, అక్కడి తయారీదారులు చాలామంది 2000 పంట నుంచి కావాలనే కలిసికట్టుగా దానికి మారారు.